రాజ్యపాలు ఏ డెయిరీవి?

మొన్న మా వీధిలో ఏదో ప్రారంభోత్సవానికి కరపత్రాలు పంచారు. ముందు హిందీలో రాసుకుని తర్వాత తెలుగులోకి దించినట్టున్నారు, "మాననీయ రాజ్యపాల్ గారి కరకమలములతో" అని అచ్చేశారు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఈ రాజ్యపాలు ఏ డెయిరీవిరా? ప్యాకెట్ ఎంతట?" అంది.

నవ్వు ఆగాక అసలు సందేహం పట్టుకుంది. హిందీవాళ్లకు రాజ్యపాల్ ఉంది, కన్నడంలో రాజ్యపాలరు, తమిళంలో ఆళునర్. మనమూ మలయాళంవాళ్లూ మాత్రం గవర్నర్‌తోనే కాపురం చేస్తున్నాం. ముఖ్యమంత్రికి, శాసనసభకి, మంత్రిమండలికి మాటలు కుదుర్చుకున్నవాళ్లం ఈ ఒక్క కుర్చీ దగ్గర ఎందుకు ఆగిపోయాం?

నాకు తోచింది చెప్తాను, తప్పయితే దిద్దండి. హిందీలో దేశం మొత్తం రాష్ట్ర్, అందులో ముక్క రాజ్య్. మనకు ఇది తలకిందులు. రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో. రాజ్యం అంటే రాజులు ఏలినది. అందుకే రాజ్యపాలుడు అంటే మన కళ్ల ముందుకు కిరీటం పెట్టుకున్నవాడే వస్తాడు తప్ప శాసనసభలో ప్రసంగం చదివే పెద్దమనిషి రాడు. పోనీ, రాష్ట్రానికి పెద్ద కాబట్టి రాష్ట్రపతి అందామంటే ఆ మాట హిందీ అర్థంతోనే వచ్చి ఢిల్లీలో స్థిరపడింది. ఎనిమిదో తరగతి పిల్లాడిని అడగండి. "రాష్ట్రమునకు పతి, షష్ఠీ తత్పురుష సమాసం" అని గడగడా చెప్పేస్తాడు. తెలుగులో పదికి పది, సివిక్స్‌లో సున్నా.

అంటే మనకు సరిపోయే మాట మీద ఢిల్లీ ముందే తువ్వాలు వేసేసింది. గవర్నరు నిలబడే ప్రయాణం చేస్తున్నాడు. మీరేమంటారు?

రాజమండ్రి మాస్టారు:

తువ్వాలు సంగతి బాగుంది నాయనా. కానీ బస్సులో ఇంకో సీటు ఖాళీగానే ఉంది, ఎవరూ చూడలేదంతే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జీతాల పట్టీ ఉంటుంది. అందులో రాష్ట్రపాలుడికి 12,000 పణాలు. సరిహద్దు కాసే అంతపాలుడికీ అంతే. రాష్ట్రపాలుడు! మన తెలుగు రాష్ట్రానికి అతికినట్టు సరిపోతుంది. హిందీ కమిటీలు రాజ్యపాల్ వైపు వెళ్తే వెళ్లాయి, మనం దీన్ని తెచ్చుకుని ఉండాల్సింది.

ఇంకో మాట రాష్ట్రియుడు. గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర రుద్రదాముడి శాసనం ఉంది, క్రీ.శ. 150 నాటిది. అక్కడి సుదర్శన తటాకాన్ని మొదట కట్టించింది చంద్రగుప్త మౌర్యుడి రాష్ట్రియుడు పుష్యగుప్తుడు అని అందులో చెక్కారు. అంటే నేటి లెక్కలో ఆ ప్రాంతానికి గవర్నరు. గట్టు తెగితే రుద్రదాముడు మళ్లీ వేయించి, పనిలో పనిగా నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ అధికారి పేరు కూడా రాయించాడు. ఏం చేస్తే పేరు నిలుస్తుందో గవర్నర్లందరికీ చెప్పదగ్గ రాయి అది.

అయితే ఆ మాటకు తర్వాత ఏమైందో వినండి. అమరకోశం నాట్యవర్గంలో "రాజశ్యాలస్తు రాష్ట్రియః" అని ఉంది. నాటకాల్లో రాష్ట్రియుడు అంటే రాజుగారి బావమరిది! ప్రాంతాలను ఏలడానికి ఎవరిని పంపేవారో నాటకకర్తలకు బాగా తెలిసే ఆ అర్థం స్థిరపడి ఉంటుందని నా అనుమానం. రుజువు అడగొద్దు.

నేను:

మాస్టారూ, రాష్ట్రపాలుడికి నా ఓటు. బావమరిది సంగతి మాత్రం ఈ గుంపు దాటనివ్వకండి.

బెంగళూరు నుంచి ఒక తమ్ముడు:

కన్నడంలో రాజ్య అంటేనే రాష్ట్రం అన్నా. నవంబర్ 1 ఇక్కడ రాజ్యోత్సవ. అందుకే వీళ్లకు రాజ్యపాలరు ఇబ్బంది లేకుండా కుదిరింది. మనకూ ఒకప్పుడు అలాగే ఉండేది కదా? విజయనగరం రోజుల్లో ఉదయగిరి రాజ్యం, కొండవీటి రాజ్యం, చంద్రగిరి రాజ్యం అన్నవి రాయల కింద రాష్ట్రాల్లాంటివే. రాయలు పంపినవాళ్లు వెళ్లి ఏలేవారు. ఆ లెక్కన కొండవీటిలో కూర్చున్నవాడు అక్షరాలా రాజ్యపాలుడే. ఈ అర్థం మన దగ్గర ఎప్పుడు జారిపోయిందో గానీ, పక్కింట్లో భద్రంగా ఉంది.

చెన్నై అక్క:

ఆళునర్‌లో ఉన్న ఆళ్ ధాతువే మన ఏలు. ఏలిక, ఏలుబడి, ఏలినవారు అన్నీ దాని చుట్టాలే. పాత అర్జీల్లో "ఘనత వహించిన ఏలినవారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టేవారు కదా, ఆ ఏలినవారు తమిళం లెక్కన ఆళునరే! అంటే మాట మన ఇంట్లోనే ఉంది. కాకపోతే ఇప్పుడు ఎవరినైనా ఏలినవారు అంటే ఎత్తిపొడుపు అవుతుంది.

గవర్నర్ మీద తమిళంలో అందరికీ నోటికొచ్చే మాట అణ్ణాదురై గారిది. మేకకు గడ్డమెందుకు, రాష్ట్రానికి గవర్నరెందుకు అని. తెలుగులో ఇలా చెప్తే చప్పగా ఉంది చూశారా? తమిళంలో మేక ఆడు, సీమ నాడు. ఆట్టుక్కు తాడి, నాట్టుక్కు గవర్నర్ అనేసరికి ప్రాస దానంతటదే పడిపోయింది. ఎవరైనా తెలుగులో ప్రాస కలపండి చూద్దాం.

గుంటూరు నుంచి:

మేకకు గడ్డమేల, మేడకు గవర్నరేల. ఇంతకంటే నా వల్ల కాదు అక్కా.

హైదరాబాద్ మిత్రుడు:

మీరంతా మద్రాసు వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా వైపు ఈ పదవికి వేరే పేర్లు నడిచాయి. మొగలాయీలకు ప్రాంతం అంటే సుబా, దాన్ని ఏలేవాడు సుబేదార్. దక్కన్ సుబేదార్‌గా వచ్చిన నిజాముల్ ముల్క్ 1724లో గెలిచి, పేరుకు ఢిల్లీ పాదుషా మనిషిగా ఉంటూనే సొంత ఏలుబడి మొదలుపెట్టాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యారు. గవర్నర్ అనే మాట మా తాతల చెవిన గట్టిగా పడింది అప్పుడే, అదీ ముందు మిలిటరీతో కలిసి.

1950 జనవరి 26 నుంచి మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. మైసూరు, రాజస్థాన్, తిరువాన్కూరు–కొచ్చి లాంటి చోట్ల కూడా పాత సంస్థానాధీశులకు ఇదే పేరు పెట్టారు. చేసేది గవర్నర్ పనే. రాజును రాజు అనకుండా, గవర్నర్ అని చిన్నబుచ్చకుండా మధ్యస్థంగా అల్లిన మాట. 1956లో ఏడో సవరణతో పదవీ పోయింది, మాటా పోయింది. మా దగ్గర ఏడేళ్లు కూడా నిండలేదు. కశ్మీర్‌లో మాత్రం సద్రే రియాసత్ అని 1965 దాకా నడిచింది.

నాకు వింతగా తోచేది ఇది. ఢిల్లీ పంపిన సుబేదార్‌తో మొదలైన వంశం రెండు వందల ఏళ్లు తిరిగి తిరిగి, ఢిల్లీ ఇచ్చిన రాజప్రముఖ్ పదవితో దిగిపోయింది. మధ్యలో ఉన్నదంతా ఒక పెద్ద టర్మ్ అనుకోవచ్చు.

కర్నూలు బాబాయి:

ఉకారం సంగతి ఎవరూ ఎత్తలేదే? మా తరానికి గవర్నరు, కలెక్టరు, తాసీల్దారు. చివర ఉ తగిలించామంటే ఆ మాట మనది అయిపోయినట్టే. విజయవాడలో గవర్నరుపేట అని ఏనాటినుంచో అంటున్నాం. దాన్ని రాష్ట్రపాలపేట చేస్తే ఆటోవాడు ఎక్కడ దింపుతాడు?

మా సీమకు గవర్నరు అంటే ముందు మన్రో దొరే గుర్తొస్తాడు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు పెద్ద కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. సీమకు వెళ్లి చివరిసారి చూసి వద్దామని బయల్దేరి 1827 జూలైలో మా పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. తిరుమలలో మన్రో గంగాళం అనే మాట ఈనాటికీ ఉంది. గవర్నర్లు ఎందరో వచ్చారు, గంగాళానికి పేరైనవాడు ఇతనొక్కడే.

మళ్లీ మా ఊరికి గవర్నరు వచ్చింది 1953 అక్టోబర్ 1న. ఆంధ్ర రాష్ట్రానికి చందూలాల్ త్రివేది, ముఖ్యమంత్రిగా ప్రకాశం పంతులు గారు. త్రివేది ఐసీఎస్ మనిషి, అంతకుముందు ఒరిస్సా, పంజాబ్ చూసి వచ్చాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఆయనే కొనసాగాడు. అంతా గవర్నరు గారనే అన్నారు. రాజ్యపాలుడు అన్న పాపాన ఎవరూ పోలేదు.

నేను:

బాబాయి గారూ, ఉకారం దెబ్బకు నా వాదం సగం కూలింది. మిగతా సగం కాపాడుకోవడానికి రాత్రి నిఘంటువులు తిరగేశాను.

గవర్నర్ మాట ఇంగ్లిషుకు ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి, లాటిన్‌కు గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో దాని మూలార్థం పడవ నడపడం, చుక్కాని పట్టడం. సైబర్ అని రోజూ అంటున్నామే, అదీ ఆ గ్రీకు వేరు నుంచి మొలిచిందే. ఇప్పుడు మన వైపు చూడండి. సంస్కృతంలో కర్ణం అంటే చెవి ఒక్కటే కాదు, చుక్కాని కూడా. కర్ణధారుడు అంటే చుక్కాని పట్టినవాడు. సంఘానికి కర్ణధారుడు, సంస్థకు కర్ణధారుడు అని సన్మానపత్రాల్లో రాస్తూనే ఉంటాం. అంటే గవర్నర్‌కు అక్షరాలా సరిపోయే మాట కర్ణధారుడు! ఆ గ్రీకు సరంగూ మన సరంగూ ఒకే ఉపమానంలోకి ఎలా వచ్చారో.

చిక్కల్లా మన గవర్నరు చేతిలో చుక్కాని లేకపోవడమే. 154వ అధికరణ ప్రకారం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారమంతా ఆయనదే, 163 దగ్గరకొచ్చేసరికి మంత్రిమండలి సలహా మేరకు నడవాలి, విచక్షణ వాడే కొన్ని సందర్భాలు తప్ప. రాజ్యాంగం ముసాయిదాలో గవర్నర్‌ను జనం ఎన్నుకోవాలని ఉండేది. ఎన్నికైన గవర్నరూ ఎన్నికైన ముఖ్యమంత్రీ ఒక ఒరలో రెండు కత్తులవుతారని 1949లో దాన్ని మార్చి, రాష్ట్రపతి నియమించేలా చేశారు. పడవలో కూర్చోబెట్టారు, తెడ్డు వేరేవాళ్లకిచ్చారు.

మనవాళ్లే ఆ కుర్చీలో కూర్చుని ఏమనుకున్నారో చూడండి. హైదరాబాద్ బిడ్డ సరోజినీ నాయుడు 1947లో నేటి ఉత్తరప్రదేశ్‌కు, అప్పటి సంయుక్త రాష్ట్రాలకు, గవర్నర్ అయ్యారు, దేశంలో మొదటి మహిళా గవర్నర్. తనను తాను బంగారు పంజరంలో పక్షితో పోల్చుకున్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నర్. పదిహేను రోజులకోసారి రాష్ట్రపతికి రిపోర్టు రాయడం తప్ప తనకు పనేమీ లేదన్నారని ప్రసిద్ధి. కాంగ్రెస్ చరిత్ర రాసిన చేతికి పక్షానికో ఉత్తరం! కాబట్టి కర్ణధారుడు అంటే వెక్కిరించినట్టే అవుతుంది.

వరంగల్ నుంచి ఒకరు:

చుక్కాని చేతికొచ్చే రోజులూ ఉంటాయి సార్. 1973లో పదకొండు నెలలు, 2014లో విభజనకు ముందు తర్వాత కలిపి మూడు నెలలకు పైగా రాష్ట్రపతి పాలన. ఊళ్లో ఎవరూ రాష్ట్రపతి పాలన అనలేదు, గవర్నర్ పాలన అనే అన్నారు. మీ లెక్కన రాష్ట్రానికి పతి గవర్నరే కాబట్టి రాష్ట్రపతి పాలన అన్నా తెలుగులో తప్పు కాదు. ఇక 1984 ఆగస్టు 16న రామ్‌లాల్ గారు ఎన్టీఆర్‌ను దింపిన రోజు, తెడ్డు లేని మనిషి పడవను ఎంత ఊపగలడో చూశాం. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి, రాజ్‌భవన్‌లో శంకర్ దయాళ్ శర్మ.

రాజమండ్రి మాస్టారు:

రాజ్‌భవన్ అన్నారు కాబట్టి ఒక ముక్క. 2025 చివర్లో వాటిని లోక్‌భవన్‌లు చేశారు. హిందీలో లోక్ అంటే జనం. మనకు లోకం అంటే ప్రపంచం, మహా అయితే లోకులు కాకులు. రాష్ట్రం దగ్గర పడిన చిక్కే మళ్లీ పడింది. అక్కడ పంద్రాగస్టుకు ఇచ్చే ఎట్ హోమ్‌ను పత్రికలు తేనీటి విందు అంటాయి. మా మనవడు తేనె కలిపిన నీళ్లు అనుకున్నాడు. మరీ తప్పేం కాదు.

విజయనగరం చెల్లెలు:

రాష్ట్రపాలుడికి ఓట్లు వేస్తున్నారు కదా, ఆ డు సంగతి ఏం చేస్తారు? శారదా ముఖర్జీ, కుముద్‌బెన్ జోషి, తమిళిసై సౌందరరాజన్, ముగ్గురు ఆడవాళ్లు మన గవర్నర్లుగా చేశారు. వాళ్లు రాష్ట్రపాలురాలా, రాష్ట్రపాలినియా? 2007లో ప్రతిభా పాటిల్ వచ్చినప్పుడు రాష్ట్రపతి మాట మీద ఎంత రచ్చయిందో గుర్తుంది కదా. గవర్నర్ గారు అంటే ఆ గొడవే లేదు. మన గారు అందరికీ సరిపోతుంది.

నేను:

ఒప్పుకున్నాను చెల్లెమ్మా. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. మాస్టారు క్షమించాలి.

యానాం నుంచి:

మమ్మల్ని ఎవరూ తలుచుకోలేదు. ఫ్రెంచివాళ్ల కాలంలో చాలాకాలం పుదుచ్చేరిలో కూర్చున్నది గవర్నరే, ఇప్పుడూ గవర్నరే. కాకపోతే ముందు లెఫ్టినెంట్ చేరింది. అది కూడా ఫ్రెంచి ముక్కే, ఒకరి స్థానం పట్టుకుని ఉన్నవాడు అని. మేం ఎల్‌జీ అంటాం. దీనికి మాత్రం తెలుగు మాట వెతక్కండి, ఫ్రిజ్ కంపెనీ అనుకుంటారని మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.