వ్యాప్తిపంచకం దగ్గర ఆగిన: గంగేశుడు ఐదు చెప్పి ఐదూ ఎందుకు కొట్టేసిండు?

ప్రశ్న (హన్మకొండ)
న్యాయశాస్త్రంల తర్కసంగ్రహం, దాని వ్యాఖ్య దీపికతో సహా అయిపోయింది, గంగేశుడి తత్త్వచింతామణిల అనుమానఖండం మొదలుపెట్టిన. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండే విడవని సంబంధమే వ్యాప్తి; దానికి చెప్పిన ఐదు లక్షణాలు (నిర్వచనాలు) వ్యాప్తిపంచకం. మొదటి లక్షణం ‘సాధ్యాభావవదవృత్తిత్వం’, అంటే సాధ్యం (నిరూపించాల్సింది, ఇక్కడ నిప్పు) లేనిచోట హేతువు (దానికి గుర్తు, ఇక్కడ పొగ) ఉండకపోవడం. బాగానే ఉంది కదా? మిగతా నాలుగు దేనికి?

జవాబు 1
ఆ ఐదూ పూర్వపక్షం, అంటే కొట్టేయడానికి ముందుగా పెట్టిన వాదమండీ. గంగేశుడి సొంత మాట తర్వాత వచ్చే సిద్ధాంతలక్షణం.

మొదటిది మామూలు చోట్ల పనిచేస్తుంది. భద్రకాళి చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. (చలికాలం పొద్దున కనిపించేది మంచు.) తిరగేసి ‘నిప్పుంది కాబట్టి పొగ ఉంది’ అంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండు అడ్డొస్తుంది. పొగకు పచ్చికట్టె కూడా కావాలి, అదే ఉపాధి (హేతువును చెడగొట్టే అదనపు షరతు).

చిక్కంతా కోతి దగ్గర. ‘ఈ చెట్టుకు కోతి సంయోగం (తాకి ఉండటం) ఉంది, ఇది ఈ చెట్టే కాబట్టి.’ కోతి కొమ్మ మీద ఉంది, మొదలు దగ్గర లేదు. ఒకే చెట్టులో సంయోగమూ ఉంది, దాని అభావమూ (లేకపోవడమూ) ఉంది. హేతువు మంచిదే, కానీ అభావం ఉన్న ఆ చెట్టులోనే అదీ ఉంది కాబట్టి లక్షణం దానికి పట్టలేదు: అవ్యాప్తి. అందుకే రెండో లక్షణంలో ‘సాధ్యవద్భిన్న’ చేరింది. సాధ్యం ఉన్నదానికి వేరైన చోట ఉండే అభావమే లెక్క.

అయినా ‘ఇది వాచ్యం (మాటతో చెప్పదగ్గది), జ్ఞేయం (తెలుసుకోదగ్గది) కాబట్టి’ దగ్గర ఐదూ కూలతాయి. మాటకు అందనిది ఏదీ లేదని న్యాయమతం. సాధ్యాభావమే లేనప్పుడు అది ఉన్న చోటు ఎక్కడ వెతుకుతారు?

జవాబు 2
సిద్ధాంతలక్షణం అందుకే దారి మార్చింది తమ్మీ. హేతువు ఉన్నచోట ఏమేం లేవో చూడు: కుండ లేదు, బట్ట లేదు. ఆ లేనివాటిల్ల సాధ్యం చేరకుంటే చాలు. కోతి అడ్డం రాకుండ ‘ప్రతియోగ్యసమానాధికరణ’ (ఏది లేదంటున్నమో దానితోటి ఒకేచోట ఉండని అభావం) అనే మాట ముందే పెట్టిండు.

ఇంకో గుంత ఉంది. కొండ మీద వంటింటి నిప్పు లేదు. మరి నిప్పు లేనట్టేనా? కాదు. ‘వంటింటి నిప్పుగా’ లేదు, ‘నిప్పుగా’ ఉంది. తెలుగుల మనం అనే ఆ ‘గా’నే అవచ్ఛేదకం. అది పట్టుబడకుండ రఘునాథ శిరోమణి రాసిన వ్యాఖ్య దీధితికి పోతే తల తిరుగుతది.

జవాబు 3
ఆ ‘గా’ భాషే గంగేశుడి అసలు ప్రభావం. 14వ శతాబ్దపు మిథిల నుంచి బెంగాల్‌లోని నవద్వీపానికి, అక్కణ్నుంచి వ్యాకరణం, మీమాంసల్లోకీ పాకింది. మన జగన్నాథ పండితరాయలు కావ్యలక్షణాన్ని పరిష్కరించిందీ దాంతోనే.

పంచకానికి మథురానాథుడి వ్యాఖ్య మాథురి చాలు. ప్రతి ఉదాహరణకూ కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పక్షం (సాధ్యం ఉందని నిరూపించే చోటు, కొండలాంటిది), సాధ్యం, హేతువు, సాధ్యాభావం ఉన్న చోటు. వాచ్యత్వం వచ్చేసరికి నాలుగో గడిలో రాయడానికేమీ ఉండదు.