అప్‌డేట్: గడ్డి కమ్మిన గుర్రపుస్వారీ మైదానం
శంకర్‌పల్లి దగ్గర, నాలుగేళ్లు వాడక గరిక, తుంగ, వయ్యారిభామ కమ్మేసిన మా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల స్వారీ మైదానాన్ని ఎలా బాగుచేయాలని వేసవిలో అడిగాను. తుంగ గడ్డలు నేలలో మిగిలితే మళ్లీ మొలుస్తాయని మీలో కొందరు హెచ్చరించినా, తొందరపడి రోటవేటర్ తోలించాను. గడ్డలు మైదానమంతా చెదిరి, పది రోజులకే సూదుల్లా పచ్చగా లేచాయి. చివరకు గడ్డిమందు కొట్టించి, కలుపు ఎండాక, పై ఇసుకను జానెడు లోతున జేసీబీతో ఎత్తించవలసి వచ్చింది. అడుగున కంకర పొర బాగానే ఉంది గాని, వాననీరు పోయే కాలువ పూర్తిగా పూడిపోయింది. అసలు రోగం అదేనని నా అభిప్రాయం. కాలువ తీయించి, కొత్త ఇసుక నాలుగు అంగుళాల మందాన పరిపించాను. నిన్నటి వానకు నీరు గంటలో దిగిపోయింది. మా ముసలి గుర్రం మాత్రం కంచె వారన మిగిలిన గరిక వైపే లాగుతోంది.