ఫాస్ అంటే ప్రతిచోటా బ్యారెల్ కాదు

అక్కా, బీరు తయారీ మాన్యువల్ ఒకటి జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి చేస్తున్నాను. ‘ఫాస్’ అన్న మాట పేజీ పేజీకీ వస్తోంది. డిక్షనరీలో బ్యారెల్, కాస్క్, కెగ్, వ్యాట్ అన్నీ ఉన్నాయి. అంతటా బ్యారెల్ అని పెట్టేయనా? ఇంకోటి, ‘ఆన్‌ష్టెలెన్’ అన్నచోట అర్థం కుదరడం లేదు. ఈస్టును ఉద్యోగంలో పెట్టుకోవాలి అని వస్తోంది.

—

తమ్ముడూ, బ్యారెల్ అని మాత్రం పెట్టకు. కెగ్గులు కడిగే యంత్రం మాన్యువల్ మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు నేనూ అదే చేశాను. గంటకు ఇన్ని ఫాస్‌లు కడుగుతుంది అన్నచోట ఇన్ని బ్యారెళ్ళు అని రాశాను. బీరు వ్యాపారంలో ఇంగ్లీషువాళ్ళకు బ్యారెల్ అంటే ముందు కొలత, తర్వాతే పాత్ర. బ్రిటన్‌లో అది 36 గ్యాలన్లు, దాదాపు 164 లీటర్లు. అమెరికాలో 31 అమెరికన్ గ్యాలన్లు, దాదాపు 117 లీటర్లు. ఆ యంత్రం కడిగేదేమో 50 లీటర్ల స్టీలు కెగ్గుల్ని. అమెరికా కొలతతో లెక్క వేసుకున్నవాళ్ళకు యంత్రం సామర్థ్యం రెండింతలకు మించి కనిపించింది. ఇదేమిటని వాళ్ళ దగ్గర్నుంచి ఫోను వచ్చిన రోజు నేను పడ్డ టెన్షన్ నీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన బస్తా సంగతి చూడు. ‘ఎకరాకు ముప్పై బస్తాలు దిగింది’ అని రైతు అంటే గోనెసంచుల లెక్క కాదది. కోస్తాలో చాలాచోట్ల బస్తాకు 75 కిలోల చొప్పున ధాన్యం లెక్క. ఇంగ్లీషులో వట్టి సంచి అని రాస్తే సంచి మాత్రమే అవతలికి చేరుతుంది, తూకం మనదగ్గరే ఉండిపోతుంది.

కాబట్టి ఫాస్ కనబడ్డప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకో. లోపల బీరు ఏ స్థితిలో ఉంది? దాన్ని బయటికి తెస్తున్నది ఏమిటి? ఈస్టు ఇంకా బతికుండి, బీరు ఆ పాత్రలోనే పక్వానికి వస్తూ, గ్యాస్ ఒత్తిడి లేకుండా చేతిపంపుతోనో దానంతట అదో బయటికి వస్తే, బ్రిటన్ పాఠకుడికి అది కాస్క్. మూసిన పాత్రలోంచి గ్యాస్ ఒత్తిడితో వస్తే కెగ్. ఈ తేడా అక్కడివాళ్ళకు చిన్నది కాదు. కాస్క్ బీరును కాపాడుకోవడానికే 1971లో కామ్రా అనే వినియోగదారుల సంఘం పుట్టింది. జర్మన్లు కూడా ఈ కాలపు స్టీలు పాత్రను ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకుని ‘కెగ్’ అనే అంటారు. నీ మాన్యువల్‌లో కెగ్, ఫాస్ రెండూ పక్కపక్కన వస్తే అక్కడ ఆగు. ఫాస్ అన్నది కర్రదో, పొట్ట ఉబ్బిన పాతరకందో కావచ్చు. ‘బియర్ ఫోమ్ ఫాస్’ (పీపాలోంచి పట్టిన బీరు) అంటే మాత్రం పాత్ర పేరే వద్దు, డ్రాఫ్ట్ బీర్ అంటే చాలు. కర్రపీపాలో నెలల తరబడి మాగబెట్టిన బీరు గురించి అయితే బ్యారెల్ నిజంగానే సరిపోతుంది.

వ్యాట్ జోలికి పోకు. పుట్టుకలో ఫాస్‌కు సొంత చుట్టమే, ‘ఫ’ ధ్వని ఇంగ్లండ్ దక్షిణాది నోళ్ళలో ‘వ’ అయింది. కానీ ఇప్పుడు వ్యాట్ అంటే పెద్ద తొట్టి. దాన్ని బారుకు ఎవరూ మోసుకెళ్ళరు.

కెగ్గు నడిమధ్యన అడుగుదాకా దిగే గొట్టం ఉంటుంది చూడు, జర్మన్‌లో ‘ష్టైగ్‌రోర్’, పైకెక్కే గొట్టం. మాటకు మాట పెడితే ఫిట్టర్ తల గోక్కుంటాడు. ఇంగ్లీషులో దాని పేరు స్పియర్, అంటే ఈటె. అలాగే కెగ్గు మూతి దగ్గర బిగించే ‘కోర్బ్‌ఫిట్టింగ్’లో బుట్టను వెతకకు, ఇంగ్లీషులో అది ఎస్ టైపు. ‘ఫ్లాఖ్‌ఫిట్టింగ్’ ఏ టైపు.

ఇక ఆన్‌ష్టెలెన్. ఉద్యోగంలో పెట్టుకోవడం, స్విచ్ వేయడం, క్యూలో నిలబడటం, అన్నింటికీ అదే క్రియ. బీరు పనిలో మాత్రం చల్లారిన వోర్టులో, అంటే మాల్టు నుంచి తీసిన తీపి రసంలో, ఈస్టు కలిపి పులవడం మొదలుపెట్టడం. ఇంగ్లీషులో దీనికి ‘పిచ్’ అనాలి. మన ఇంట్లో రోజూ జరిగే పనే ఇది: పాలకు తోడు పెట్టడం. గోరువెచ్చగా ఉన్నప్పుడే వేయాలి, మరీ వేడిగా ఉంటే తోడు చస్తుంది, మరీ చల్లారితే తోడుకోదు. బయటివాడు డిక్షనరీ పట్టుకుని ‘పాలకు స్నేహితుణ్ణి ఇవ్వు’ అని అనువదిస్తే ఎలా ఉంటుందో, ఈస్టును ఉద్యోగంలో పెట్టడం అలా ఉంటుంది. ఇంకో జాగ్రత్త. కర్రపీపాల లోపల తారులాంటి కీలు పూయడాన్ని జర్మన్‌లో ‘పిషెన్’ అంటారు, ఇంగ్లీషులో దానికీ పిచ్ అనే అనాలి. ఒకే పేజీలో రెండూ వస్తే దేన్ని పిచ్ చేస్తున్నారో ప్రతిసారీ స్పష్టంగా రాయి.

—

చాలా థ్యాంక్స్ అక్కా. మరి ‘ఆన్‌ష్టిష్’ అంటే గుచ్చడం కదా, పీపాకు కుళాయి దిగ్గొట్టే ట్యాపింగేనా అది?

—

అవును, ట్యాపింగే. ‘ఆన్‌త్సాప్ఫెన్’ వచ్చినా అదే రాయి. త్సాప్ఫెన్, ట్యాప్ ఒకే వేరు నుంచి వచ్చినవి. జర్మన్ ‘త్స’ ఇంగ్లీషులో ‘ట’, ‘ప్ఫ’ అక్కడ ‘ప’. త్సేన్ అంటే టెన్, ఆప్ఫెల్ అంటే ఆపిల్. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లో 1950లో మేయర్ థామస్ విమర్ మొదటి పీపాకు కుళాయి దిగ్గొట్టాడు. ఇప్పటికీ అక్కడి మేయరే సుత్తితో కొట్టి ‘ఓ త్సాప్ఫ్ట్ ఇస్’, కుళాయి పడింది అని అరుస్తాడు.

అదే ట్యాప్‌ను తెలుగులోకి తేవాలంటే మాత్రం ఇంకో కథ. టాడీ ట్యాపర్ అన్న మాట చూసి కుళాయి అనుకోకూడదు. తాటిచెట్టెక్కి గెల కొసను కత్తితో రోజూ పలచగా చెక్కి లొట్టి కడతారు. అందుకే మనది గీయడం, వాళ్ళు గీత కార్మికులు.

లాటర్ (వోర్టును వడకట్టడం), క్రాయ్‌జెన్ (పులిసేటప్పుడు పైకి వచ్చే నురగ), ట్రూబ్ (అడుగున చేరే మడ్డి) లాంటివి ఇంగ్లీషు బ్రూవర్లే జర్మన్ నుంచి తీసుకున్నారు, వాటిని అలాగే ఉంచెయ్. ‘ష్టామ్‌వ్యూర్ట్సె 12 శాతం’ అన్నది ఆల్కహాల్ కాదు, పులియకముందు వోర్టులో కరిగి ఉన్న సారం. ఒరిజినల్ గ్రావిటీ అని రాసి, అంకెను 12 డిగ్రీల ప్లేటోగా (ఆ సారం శాతాన్ని చెప్పే కొలమానం) ఇవ్వు. ఆ పాత్రల బొమ్మలున్న పేజీ ఫోటో ఇక్కడ పెట్టు, ఏది కెగ్గో ఏది కాస్కో చూసి చెబుతాను.