విడదీసి ఇచ్చిన చెత్త ఆటోలో మళ్లీ కలిసిపోతోంది, మీ దగ్గర ఎలా ఉంది?

వంటింటి కిటికీ:
మూడు నెలలుగా తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెడుతున్నాను. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరించి, కడిగి, తీగకు క్లిప్పు పెట్టి ఆరేస్తాను. తెగిపడిన చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, కాలువలోకి పోతుంది, అందుకే ఆ జాగ్రత్త. మొన్న ఉదయం నా కళ్లముందే రెండు డబ్బాలూ ఆటోలో ఒకేచోట బోర్లించేశారు. ఆరేసిన కవర్ల మీద పక్కింటి వాళ్ల సాంబారు! నిజంగా ఏడుపొచ్చింది. మీ దగ్గరా ఇంతేనా?

రెండో షిఫ్టు:
మాకు అసలు ఆటో ఎప్పుడొస్తుందో తెలియదండీ. ఒకరోజు ఆరున్నర, ఇంకోరోజు తొమ్మిదిన్నర. పండగ మర్నాడు రానే రాదు, చెత్త ఎక్కువగా ఉండేది ఆరోజే. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటాను. పాట వినపడి మూడో అంతస్తు నుంచి దిగేసరికి మలుపు తిరిగిపోతుంది. ఫిర్యాదు పెడితే పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. అప్పటికి సంచి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

పాత పేపర్ల కొట్టు:
మాది తుక్కు వ్యాపారం. రోజూ ఆటోవాళ్లతోనే పని. అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, పాల కవర్లు మాకు అమ్మితే వచ్చే డబ్బు వాళ్ల ఇంటికి పెద్ద ఆసరా, కావాలని ఎవరూ పాడుచేసుకోరమ్మా. పది ఇళ్లలో ఎనిమిది కలిపి ఇస్తుంటే మిగతా రెండిళ్ల కోసం ఆగి వేరుచేసే తీరిక వాళ్లకుండదు. తడిసిన అట్టకు మేము ధర తగ్గిస్తాం, నూనె అంటిన పిజ్జా అట్ట తీసుకోనే తీసుకోం. చిప్స్ ప్యాకెట్ మాత్రం ఎంత కడిగినా మా దగ్గర అమ్ముడుపోదు. ప్లాస్టిక్ పొరకు లోపల అల్యూమినియం పూత అతుక్కుపోయి ఉంటుంది, విడదీయలేం. దాని మీద నీళ్లు వృథా చేయకండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
నాకు డైపర్ల గురించే బాధ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇంటి చెత్తను మూడుగా వేరు చేయమన్నారు: తడి, పొడి, ప్రమాదకరమైనది. మాకిచ్చిన డబ్బాలు రెండే. డైపర్లు గట్టిగా చుట్టి పొడి డబ్బాలో వేయమని కూడా అప్పట్లో అందులోనే చెప్పారు. కానీ మా వీధికొచ్చే ఆవిడ సీసాల కోసం చేయిపెట్టి వెతికేది ఆ డబ్బాలోనే కదా! ఒకసారి ఆవిడ వేలికి గుడ్డ కట్టుకుని కనిపించింది, ఎవరింట్లోదో పగిలిన గాజు గ్లాసు కోసుకుందట. అప్పటినుంచి డైపర్లు పేపర్లో చుట్టి, పైన పెన్నుతో ఎర్రగా గుర్తు పెట్టి విడిగా చేతికిస్తున్నాను. గాజు ముక్కలైతే అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, నోటితో చెప్పి మరీ ఇస్తాను.

వంటింటి కిటికీ:
కొట్టు అన్నగారు చెప్పాక ఆటోలో వచ్చే అక్కతో మాట్లాడాను. "పొడిది డబ్బాలో రోజూ ఇయ్యకమ్మా, వారానికోసారి సంచిలో కట్టి నా చేతికియ్యి" అంది. ఆటో వెనక వేలాడే గోనె సంచులు చూపించింది: సీసాలకొకటి, అట్టలకొకటి, కవర్లకొకటి. నేను ఇన్నాళ్లూ వాటిని చూస్తూనే ఉన్నాను, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఈ శనివారం మా మెట్ల వరసలో నాలుగిళ్ల సంచులు ఇచ్చాం. పాల కవర్లు విడిగా కట్టినందుకు అక్క చాలా సంతోషపడింది.

రెండో షిఫ్టు:
ఇది చదివి నేనూ మా ఆటో అన్నని ఆపి అడిగాను. మా కంటే ముందు కూరగాయల మార్కెట్ వీధి ఉందట. అక్కడే బండి నిండిపోతే ఖాళీ చేసి మళ్లీ రావాలి, ఆ రోజుల్లోనే తొమ్మిదిన్నర అవుతోంది. మార్కెట్ దగ్గర బయల్దేరేటప్పుడు మిస్డ్ కాల్ ఇస్తానని నా నంబరు తీసుకున్నాడు. ఇవాళ ఏడూ పదికి ఇచ్చాడు.