పదిహేను రోజుల సెలవు: ముందు నిద్రా, ఉపవాసమా?

నాగావళి చెల్లి, శ్రీకాకుళం
అందరికీ వందనాలండి. మా వదిన స్టాఫ్ నర్సు, వయసు 36. ఏడాదిగా వార్డులో ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది, మూడ్రోజులకోసారి షిఫ్టు మారిపోతోంది. దానికి తోడు సండే స్కూలు, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఇప్పుడు పేషెంటు పిలిస్తేనే చిరాకు. ప్రార్థనకి కూర్చుంటే మాట రావట్లేదు. 15 రోజులు సెలవు దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లేమో విశ్వాసం తగ్గిందని, 7 రోజులు ఉపవాసం పట్టమంటున్నారు. ఈ సెలవులో ఏటి చెయ్యాలి, ఏ వరసలో?

పాలకొండ హెడ్ నర్సు (రిటైర్డ్)
చెల్లీ, ముందు రక్తపరీక్షలు చేయించండి. సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, విటమిన్ బీ12. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లయితే, కిడ్నీల పనితీరు తెలిపే సీరమ్ క్రియాటినిన్ కూడా. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాగే నీరసం, విసుగు. అవి ఉంటే ఎంత పడుకున్నా తీరదు. ఐరన్ మాత్ర రాస్తే టీతో వేసుకోవద్దు, గంటైనా ఎడం ఉండాలి. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

పరీక్షలు బాగుంటే అది బర్నవుట్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా చెప్పలేదు, పనిచోట ఒత్తిడి తీరకుండా చాలాకాలం పేరుకుపోతే వచ్చే స్థితి అంది. సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగా చెయ్యట్లేదనిపించడం, ఈ మూడూ దాని గుర్తులు. మీరు రాసినదాంట్లో మొదటి రెండూ కనిపిస్తున్నాయి.

మొదటి నాలుగైదు రోజులు ఒళ్లు అడిగినంత పడుకోనివ్వండి. ఎవరూ లేపొద్దు. ఆరో రోజు నుంచి మాత్రం లేచే టైము ఒకటే, ఉదయం 6 అనుకోండి. రాత్రి నిద్ర పట్టకపోయినా లేచేది ఆరింటికే. చాలామంది తప్పేది ఇక్కడే. వారం దాటాక కూడా పగలంతా మంచం మీదే ఉంటే రాత్రికి నిద్ర మిగలదు, మళ్లీ నైటు డ్యూటీ చేసినట్టే అవుతుంది. పగటి కునుకు అరగంట, అదీ మూడింటిలోపు. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ వద్దు. లేచిన గంటలోపు ఎండలో అరగంట నడక, పదింటికి చోడి (రాగి) అంబలి, రోజూ ఒక గుడ్డు. ఫోన్ వేరే గదిలో చార్జింగు పెట్టాలి, వార్డు వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో ఉండాలి.

బొబ్బిలి సంఘ కాపరి (పాస్టరు)
చెల్లెమ్మా, పెద్దవాళ్లకి బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదివి వినిపించండి. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గెలిచి వచ్చినవాడే, బదరీచెట్టు కింద కూర్చుని "నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు గద్దించలేదు, ఉపవాసమూ చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినిపించాడు, శక్తికి మించిన ప్రయాణం ఉందని. నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాతే. నిద్ర, తిండి, మాట. మీరడిగిన వరస అదే.

కాబట్టి ఈ 15 రోజులూ ఉపవాసం, రాత్రి జాగరణ రెండూ వద్దు. ఆమె బదులు సంఘంలో ఇంకెవరైనా ఉపవాసం ఉండొచ్చు. ప్రార్థనకి అయిదు నిమిషాలు చాలు: 23వ కీర్తన గానీ, మూడే వచనాలున్న 131 గానీ నెమ్మదిగా పైకి చదివి, మాట రాకపోతే పరలోక ప్రార్థన చెప్పి లేవొచ్చు. రోజుకి మూడు అధ్యాయాలని లెక్క పెట్టుకుంటే అదీ ఒక డ్యూటీ అయిపోతుంది.

సండే స్కూలు పని "కమిటీ చూసుకుంటుంది" అని వదిలితే రెండు వారాల్లో తిరిగి ఆమె మీదకే వస్తుంది. ఇద్దరి పేర్లు అనుకుని, హాజరు పుస్తకం, బీరువా తాళం వాళ్ల చేతికే ఇవ్వాలి. ఒక్కడివే మొయ్యకు, పని పంచు అని మోషేకి మామ యిత్రో చెప్పింది ఇదే (నిర్గమ 18). కనీసం మూడు నెలలు, ఆ తర్వాత ఒక్క పనే తిరిగి తీసుకోవాలి.

పరామర్శల సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం పదిమంది ప్రార్థనకి వస్తే, టీ పెట్టేది ఆమే. ఇద్దరు రండి, పావుగంట ఉండండి, వస్తే కేరేజీలో కూర తెండి అని మీరే చెప్పండి.

నాగావళి చెల్లి
చాలా థాంక్సండి. సెలవయ్యాక మళ్లీ అదే వార్డు కదా, అదే భయం.

పాలకొండ హెడ్ నర్సు (రిటైర్డ్)
అవును, రోస్టరు మారకపోతే ఈ విశ్రాంతి నెల కూడా నిలవదు. చేరే ముందే సూపరింటెండెంట్‌కి కాగితం మీద రెండు అడగాలి: మొదటి రెండు వారాలు నైటు లేకుండా, తర్వాత షిఫ్టులు ఉదయం, సాయంత్రం, రాత్రి వరసలో. ఒళ్లు ఈ వరసకి సర్దుకున్నట్టు వెనక్కి తిప్పితే సర్దుకోదు. సెలవు చాలకపోతే, గవర్నమెంటు ఉద్యోగమైతే మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవ్ ఉంది. పూర్తి జీతం వస్తుంది, కానీ వాడిన ప్రతి రోజుకీ రెండు హాఫ్ పే లీవులు కొట్టేస్తారు. లెక్క చూసుకుని పెట్టమనండి.

ఇంకొకటి గమనించండి. పదో రోజుకి పిల్లలతో నవ్వుతూ, వంట మీద ధ్యాస వస్తుంటే మంచిదే. ఏ పనీ లేకపోయినా, ఇష్టమైనవాటి మీద కూడా రెండు వారాలు మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, మానసిక వైద్యుడికి చూపించాలి. ఏలీయా అన్న మాట ఆమె నోట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు.