కాలేయం, ప్లీహం పెరిగిన మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మా నాన్నగారికి కాలేయం, ప్లీహం (ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం, స్ప్లీన్) రెండూ పెరిగాయని స్కానింగులో తేలింది. కారణం తేల్చే పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి. మూలికా మందులు మాత్రం దయచేసి సూచించకండి, వాటిలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిందంటూ పళ్లెం పక్కకు జరిపేస్తున్నారు. పెరిగిన ప్లీహం జీర్ణాశయాన్ని నొక్కుతుందట. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టమన్నారు డాక్టరు గారు. నిద్ర లేపి మరీ పెట్టాలా? ఎడమవైపు తిరిగితే పక్కటెముకల కింద నొప్పి అంటున్నారు, దిండ్లు ఎలా అమర్చాలి? పొట్టకు దెబ్బ తగిలితే ప్లీహం చిట్లవచ్చని చెప్పినా బరువులెత్తడం మానరు. ఇలాంటి మొండివారిని మీరెలా దారికి తెచ్చారు?

హఠాత్తుగా కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని తెలుసు. రోజూ ఇంకేం గమనించాలి?