గర్భసంచి ఆపరేషన్‌తో పాటే పొట్ట కూడా తగ్గించుకోవచ్చా?

అనంత ఆడబిడ్డ: మా వదినకు 44. గర్భసంచిలో గడ్డలు, నెలనెలా విపరీతంగా బ్లీడింగ్. హార్మోన్ మాత్రలు వాడుతున్నా తగ్గలేదు, తీసేయాల్సిందే అన్నారు. రెండు సిజేరియన్లతో పొట్ట జారింది. బెంగళూరులో ఒక ఆసుపత్రివాళ్లు ఒకే మత్తులో టమ్మీ టక్ (జారిన పొట్టను బిగించే ఆపరేషన్) కూడా చేస్తామంటున్నారు. ఇంట్లో రెండు పార్టీలైనాం.

తుంగభద్ర, కర్నూలు: చేపిచ్చుకోనీ మా. మత్తు ఒకసారే, మంచాన పడేది ఒకసారే, కోత గూడా ఒకటే. ఇల్లు వదిలి రెండుసార్లు పండుకోమంటే ఆడమనిషికి ఎట్ల కుదురుతాది? పొట్ట కండరాలు విడిపోతే నడుం నొప్పి గూడా వస్తాది. ఇది ఒట్టి సోకు గాదు.

పెన్నా ఒడ్డు, కడప: నేను థియేటర్ నర్సుని. సోకని నేనూ అనను. నా భయమల్లా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం గురించే. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. టమ్మీ టక్‌లో విడిపోయిన కండరాలను దగ్గరికి లాగి కుడతారు. దాంతో కడుపులో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగిస్తుంది. రెండు ఆపరేషన్లు కలిస్తే మత్తులో ఉండే సమయమూ పెరుగుతుంది. ఆపైన బెంగళూరు నుంచి అనంతపురం దాకా 200 కిలోమీటర్లకు పైగా కారులో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి! ఈ రక్తపు గడ్డలు చాలాసార్లు ఇంటికొచ్చాకే బయటపడతాయి. డిశ్చార్జ్ రోజు బాగుందని ధీమాగా ఉండొద్దు.

తుంగభద్ర: అట్లయితే పెద్ద డాక్టర్లు ఎందుకు చేస్తాండారు?

పెన్నా ఒడ్డు: చేస్తారక్కా, మనిషిని చూసి చేస్తారు. రక్తం గడ్డకట్టే ముప్పు ఎంతో చెప్పే కాప్రిని స్కోరు అని లెక్క ఉంది, స్కోరు పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. 41 నుంచి 60 ఏళ్ల వయసుకు 1, 45 నిమిషాలు దాటే పెద్ద ఆపరేషన్‌కు 2, హార్మోన్ మాత్రలకు 1, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటితే ఇంకో 1. ఈ వదినకు బరువు చూడకముందే 4 అయింది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూదులు ఇస్తారా, ఎన్ని రోజులు ఇస్తారు, అడగండి. హీమోగ్లోబిన్ ఎంత?

గడప: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో అది 3 శాతం చిల్లరే. అందుకే అడుగుతున్నా, రెండూ కలిపి చేసే ప్యాకేజీ మాట ఎత్తకముందే తీసేయాలన్నారా, తర్వాతా? అది తేల్చుకోండి. టమ్మీ టక్ ఖర్చు మామూలుగా బీమాలో రాదు.

అనంత ఆడబిడ్డ: ముందే అన్నారు, ఇద్దరు డాక్టర్లు. హీమోగ్లోబిన్ 8.

పెన్నా ఒడ్డు: 8తో రెండూ కలిపి వద్దేవద్దు. ముందు ఐరన్ ఎక్కించి రక్తం పెంచమనండి. గర్భసంచి తీయడం లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) కుదురుతుందేమో కనుక్కోండి. పొట్ట సంగతి పూర్తిగా కోలుకున్నాక.

తుంగభద్ర: 8 అంటే నేనూ వద్దనే అంటా. రక్తం బాగుండి, స్కోరు తక్కువుండే మనిషికైతే నా మాట మారదు.